నవ్వని పండు

కాకోల ద్వీపానికి దక్షిణపు కొసన, సముద్రంలోకి ఏనుగు తొండంలా చొచ్చుకుపోయిన నల్లరాతి కొండ ఒకటి ఉంది. మూడు పక్కలా నిట్టనిలువు లోయ. అడుగున అలలు బండలకు కొట్టుకుని పాలపొంగులా పైకి లేచి, విరిగి, వెనక్కి జారిపోతుంటాయి. నాలుగో పక్కన మాత్రం మేకలు నడిచే సన్నని కాలిబాట. ఆ మధ్యాహ్నం మండుటెండలో ఆ బాట వెంట ఒక మనిషి ఇంకో మనిషిని వీపున కట్టుకుని రొప్పుతూ ఎక్కుతున్నాడు.

ఎక్కుతున్నవాడు పోలన. శరభగిరి రాజ్యంలో తాళ్లు గీసి కల్లు దించుకు బతికే గీతకాడు. వీపున ఉన్నది శరభగిరి రాకుమారి తరళ. చెట్లెక్కే మోకుతోనే ఆమెను తన భుజాలకూ నడుముకూ చుట్టి బిగించుకున్నాడు. వాళ్లకు ముందు వెదురుకర్ర ఊతంగా ఒక ముసలమ్మ దారి చూపిస్తూ నడుస్తోంది. పేరు ఒంబేరి. ద్వీపవాసి. ఒకప్పుడు ఓడల్లో వచ్చిపోయే వర్తకుల దగ్గర శరభగిరి మాట నేర్చుకుంది.

"ఎంతదాకా వచ్చింది తల్లీ?" వెనక్కి తిరగకుండానే అడిగింది అవ్వ.

"మోకాళ్లు దాటింది," అంది తరళ. "తొడలు తెలియడం లేదు."

పోలన పళ్లు బిగించి అడుగులు పెద్దవి చేశాడు.

ఆర్నెల్ల కిందట తామ్రజిహ్వుడనే మాంత్రికుడు శరభగిరి సింహాసనం మీద ఆశపడి, ఊరి మీదికి కంచు కందిరీగలను వదిలాడు. అవి కుట్టినవాళ్ల ఒళ్లు కాళ్ల నుంచి మొదలై, వారానికి వేలెడు చొప్పున కొయ్యబారిపోతుంది. గుండెదాకా వస్తే అంతే. రాజు అరిందముడు నడుముదాకా బిగుసుకుపోయి పానుపు మీద ఉన్నాడు. పోలన భార్య ఎల్లసానికి పక్కటెముకల దాకా వచ్చింది. విరుగుడు కాకోల ద్వీపంలో కాసే నవ్వుపండు ఒక్కటేనని ఆస్థాన వైద్యుడు చెప్పాడు. ఆ మాట వినగానే తరళ జుట్టు కత్తిరించుకుని, ఉప్పు వర్తకుడి వేషం వేసుకుని, రాజ్యం మొత్తంలో చెట్లెక్కడంలో తనకు సాటిలేడని పేరున్న పోలనను వెంటబెట్టుకుని సముద్రం దాటింది. తీరా ఈ ఉదయం ద్వీపంలో కాలు పెట్టగానే, కాపలా ఉన్న మాంత్రికుడి సైనికుడొకడు వేసిన బాణం ఆమె చీలమండకు తగిలింది. పోలన వాణ్ణి పడగొట్టాడు. కానీ బాణం మొనకు పూసింది చిక్కని అసలు విషం. కందిరీగ కాటుకు నెలలు పట్టేది దీనికి ఒక్క పూటలో తీరిపోతుంది.

కొండ మలుపు తిరిగాక పోలన ఒకసారి ఆగి వెనక్కి చూశాడు. ద్వీపం నడుమ నుంచి నాలుగైదు చోట్ల పొగ లేస్తోంది.

"అవి మా తోటలు," అంది ఒంబేరి. "ఆ మాంత్రికుడు ముందు పచ్చికాయలన్నీ దులుపుకున్నాడు. తరవాత నిప్పు పెట్టాడు."

"పచ్చికాయలెందుకవ్వా వాడికి?"

"విషం వాటిలోనే ఉంది నాయనా. పచ్చికాయ విషం. తనంత తాను విచ్చుకున్న పండు మందు. రెండూ ఒక కొమ్మవే. వాడు ఒక్క కాయనీ పండనివ్వడు. పండనిస్తే వాడి విషానికి విరుగుడు మిగులుతుంది కదా!"

మరి కాసేపటికి కొండకొమ్ము మీదికి చేరారు.

ఆకాశానికీ సముద్రానికీ మధ్య ఆ చెట్టు ఒక్కటే నిలబడి ఉంది. ఏ ఋతువులోనూ ఆకు రాల్చని జాతి అది. తోలు బిళ్లల్లాంటి దళసరి ఆకులు నూనె రాసినట్టు నిగనిగలాడుతూ, ఒకదాని మీద ఒకటి పరుచుకుని మరకతాల గొడుగు పట్టినట్టుంది. బూడిదరంగు మాను ముగ్గురు చేతులు కలిపినా అందనంత లావు. సముద్రపు గాలికి కొమ్మలన్నీ లోయ మీదికే వాలిపోయాయి. ఆ కొమ్మల్లో ఒకటి అన్నిటికన్నా ముందుకు సాగి, అడుగున నేల లేకుండా గాలిలో ఊగుతోంది. దాని చివర గుత్తిగా ఐదు కాయలు. నాలుగు చిలకపచ్చగా ఉన్నాయి. ఐదోది ఎర్రబారింది. పగడంతో చెక్కిన చిన్న కుండలా కొసన వేలాడుతోంది.

పోలన మోకు విప్పి తరళను మానుకు ఆనించి కూర్చోబెట్టాడు. ఆమె కాళ్లు చాపినవి చాపినట్టే ఉండిపోయాయి. ఒంబేరి అరచెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని ఐదో కాయను చాలాసేపు చూసింది.

"ఇంకా నవ్వలేదు," అంది.

"నవ్వడమంటే?"

"పెదవులు విచ్చినట్టు మూడు పక్కలా పగులుతుంది. లోపల మూడు నల్లని గింజలు, ఒక్కో గింజనూ పట్టుకుని ఒక్కో వెన్నముద్ద లాంటి గుజ్జు. ఆ గుజ్జే మందు. నడుమ ఎర్రటి నార ఉంటుంది. దాన్ని పీకి పారెయ్యాలి, అది గొంతు దిగకూడదు. సాయంత్రపు ఎండ నేరుగా తగిలితే ఇవ్వాళే నవ్వచ్చు. లేకపోతే రేపు."

"రేపటిదాకా నేనుండను," అంది తరళ మామూలుగా.

పోలన కొమ్మకేసి నడిచాడు. "పోయి కోసుకొస్తానవ్వా. కొంచెం నొక్కితే అదే విచ్చుకుంటుంది."

ఒంబేరి వెదురుకర్రతో అతని ముంజేతి మీద బలంగా కొట్టింది.

"నా పెద్దకొడుకు ఆ మాటే అన్నాడు. కరువు ఏడు. ఆకలికి ఆగలేక ఎర్రబడ్డ కాయ కోసి వేళ్లతో విప్పుకు తిన్నాడు. వాంతులతో మొదలైంది. దీపం పెట్టేవేళకు నా ఒళ్లోనే పోయాడు. చెట్టు మీద ఉండగా తనంత తాను నవ్వాలి. వేరే దారి లేదు."

పోలన తల వంచుకుని వెనక్కి వచ్చాడు.

"పోలన్నా," అంది తరళ, "నేను పోయాక పండు నవ్విందనుకో. మూడు ముద్దలూ పట్టుకుని పో. నాన్నగారికి ఒకటి, ఎల్లసానికి ఒకటి. మూడోది ఎవరికియ్యాలో నీ ఇష్టం."

"అలాంటి మాటలు మాట్లాడకు దొరసానీ. ఒకటి నీదే."

అతని మాట పూర్తికాకముందే కింద నుంచి కొమ్ముబూర మోగింది.

పోలన బండ అంచున బోర్లా పడుకుని తొంగిచూశాడు. కాలిబాట మొదట్లో రాగి ముసుగులు ఎండకు తళతళ మెరుస్తున్నాయి. పదహారు మంది. ముందు నడిచేవాడు మూపురం ఉన్న ఎద్దంత మనిషి, చెవులకు దంతపు కడియాలు. మాంత్రికుడి దళపతి గజకర్ణుడు. వాళ్ల చేతుల్లో గొడ్డళ్లు, భుజాలకు సంచులు. ఆ దళం వెతుకుతున్నది మనుషుల్ని కాదు, చెట్టునే.

దాక్కోవడానికి చోటు లేదు. పదహారుమందితో తలపడి గెలిచేదీ లేదు. పోలన మూట విప్పాడు. పొద్దున ఒడ్డున పడగొట్టిన సైనికుడి రాగి ముసుగు, నల్లటి పైవస్త్రం అందులో ఉన్నాయి. రెండూ తొడుక్కున్నాడు. మోకు నడుముకు చుట్టుకుని, పైవస్త్రంతో కప్పుకున్నాడు.

"వాళ్లు సంకేతపు మాట అడుగుతారు," అంది తరళ. "నీకు తెలియదు."

"మాట్లాడలేనివాణ్ణి ఏమని అడుగుతారు?" అని పోలన బాటవెంట దిగిపోయాడు.

సగం దిగేసరికి గజకర్ణుడు ఎదురుపడ్డాడు.

"ఎవడ్రా నువ్వు? ఏ దళం? సంకేతం చెప్పు!"

పోలన మెడ బిర్రబిగించి, రెండు చేతులతో దవడ చూపించి, గొంతులో గరగరమని చప్పుడు చేశాడు. సైనికులు ఒక్కసారిగా రెండడుగులు వెనక్కి వేశారు.

"పచ్చి రసం మీద పోసుకున్నాడు దొరా," అన్నాడొకడు. "మెడ బిగిసిపోయింది. నిన్న మన దుగ్గన్నకూ ఇలాగే అయింది."

గజకర్ణుడికి నమ్మకం కలగలేదు. దగ్గరకొచ్చి, తన రొమ్మున బట్టకు గుచ్చిపెట్టుకున్న ఇత్తడి సూది తీశాడు. పోలన ముసుగు అంచు కింద వేలు పెట్టి కొంచెం ఎత్తి, గడ్డం కింద మెత్తని చోట సూదిని దించాడు. సగందాకా దించి ఆగాడు. పోలన కళ్లల్లోకి చూస్తూ మిగతా సగమూ నెమ్మదిగా తోశాడు.

పోలన కదల్లేదు. నాలుక కింద నిప్పు రాజుకున్నట్టుంది. కళ్ల నిండా నీళ్లు తిరిగాయి. ఎదురెండ సూటిగా మొహాన పడుతోంది గనక ఆ నీళ్లను ఎవరూ పట్టించుకోలేదు. చేతివేళ్లు ముడుచుకోబోతుంటే వాటిని తొడలకు ఆనించి నిలబెట్టాడు. ఎల్లసాని మొహం గుర్తుకు తెచ్చుకుని దాన్నే పట్టుకున్నాడు.

గజకర్ణుడు సూది లాగేసి పైవస్త్రానికి తుడుచుకున్నాడు.

"కొయ్య అయిపోయాడు. ఒరేయ్, చెట్టేమైనా కనబడిందా?"

పోలన చెయ్యెత్తి ఎడమవైపు పల్లం చూపించాడు. అక్కడ వెదురుపొదలు తప్ప ఏమీ లేవు. గజకర్ణుడు బూర ఊదించాడు. దళమంతా ఎడమకు మళ్లింది. వెనక నడుస్తున్న నెరిసిన గడ్డపు సైనికుడు మాత్రం ఒక క్షణం ఆగి, తన నీళ్ల సొరకాయ బుర్ర తీసి పోలన చేతిలో పెట్టాడు.

"మింగుడు పడితే తాగు తమ్ముడూ," అని గొణిగి, మిగతావాళ్లను అందుకోవడానికి పరిగెత్తాడు.

వాళ్లు పొదల్లో కనుమరుగయ్యేదాకా పోలన అలాగే నిలబడ్డాడు. తరవాత ముసుగు ఊడబెరికి రక్తం ఉమ్మేసి, వెనక్కి తిరిగాడు. అదే క్షణంలో అతని మీద నీడ పడింది. మబ్బు అనుకున్నాడు. ఆ నీడకు రెక్కలున్నాయి.

తలెత్తి చూసేసరికి ఏనుగంత రాబందు ఒకటి కొండకొమ్ము మీదికి దిగుతోంది. దాని మెడ మీద ఎర్రటి శాలువా గాలికి ఎగురుతోంది.

పోలన పరుగు అందుకున్నాడు. రాళ్లు జారాయి, మోకాళ్లు చీరుకుపోయాయి. అతను కొండకొమ్ముకు చేరేసరికి రాబందు చెట్టు మీద వాలి ఉంది. దాని బరువుకు చెట్టంతా కిర్రుమంటోంది. వెండి గడ్డం, ఎముకల దండ, మాట్లాడినప్పుడల్లా నిప్పుకణికలా వెలిగే రాగినాలుక. తామ్రజిహ్వుడు రాబందు మీంచి వంగి ఒక్కొక్క పచ్చికాయనే కోసి పులితోలు సంచిలో వేసుకుంటున్నాడు. ఒంబేరి కర్ర ఎత్తి చెట్టు మొదట్లో నిలబడి ఉంది. కానీ ఆమె పాదాలు కనబడడం లేదు. మాంత్రికుడు ఉచ్చరించిన ఒక్క మాటకు అవి వేళ్లై నేలలోకి దిగిపోయాయి.

ఆమె చేతికందే దూరంలో తరళ. పెదవులు నీలంగా మారాయి. కళ్లు మాత్రం కదులుతున్నాయి.

"నాలుగు," అన్నాడు తామ్రజిహ్వుడు నాలుగో కాయ సంచిలో వేస్తూ. "వెయ్యి కందిరీగలకు చాలు. ఐదోది ఎర్రబడింది. దానిలో విషం విరిగిపోతోంది, నాకు పనికిరాదు. అందుకే మీకూ పనికిరాకూడదు." నడుము నుంచి వంకకత్తి లాగి తొడిమకేసి చాపాడు.

పడమటి ఎండ అప్పుడే కొమ్మ కొసకు తగులుతోంది.

పోలన మానెక్కలేదు, దాని మీదికి దూకాడు. రెండు పట్లలో కొమ్మ మీదికి చేరి, కింద సముద్రం నోరు తెరుచుకుని ఉన్నా చూడకుండా ఆ కొమ్మ వెంట పరిగెత్తి, కత్తి పట్టిన మణికట్టును రెండు చేతులా పట్టుకున్నాడు. కత్తి తొడిమకు గోరంత దూరంలో ఆగింది.

"గీతకాడివా!" తామ్రజిహ్వుడి నాలుక భగ్గుమంది. "ఒక పండుకోసం ప్రాణం పోగొట్టుకుంటావా?"

రాబందు మెడ తిప్పి పోలన భుజాన్ని ముక్కుతో పొడిచింది. మాంసం ఊడివచ్చింది. అతను వదల్లేదు. రెండోసారి పొడిచింది. ఎడమ చెయ్యి చచ్చుబడి జారిపోయింది. ఒంటిచేత్తో వేలాడుతూనే ఆ మణికట్టును పళ్లతో కొరికి పట్టుకున్నాడు. మాంత్రికుడు కెవ్వున అరిచాడు. కత్తి జారి సముద్రంలో పడింది.

"అవ్వా!" పోలన అరిచాడు. "నవ్విందా?"

"లేదు నాయనా! లేదు!"

తామ్రజిహ్వుడు ఒట్టిచేత్తోనే పండును తెంపబోయాడు. పోలన తన తల అడ్డం పెట్టాడు. గోళ్లు నుదురు చీరాయి. రక్తం కళ్లల్లోకి కారి లోకమంతా ఎర్రబడింది. ఆ ఎరుపులో, మొహానికి జానెడు దూరంలో, చిన్న చప్పుడు వినబడింది. ఎండుకాయ చిట్లినట్టు, ఎవరో పెదవులు విప్పినట్టు.

పండు నవ్వింది.

మూడు ఎర్రటి రెక్కలు వెనక్కి ముడుచుకున్నాయి. నల్లటి గింజలు కళ్లల్లా మెరిశాయి. వాటి వెనక మీగడరంగు గుజ్జు. పోలన తెల్లబోయి చూశాడు. గింజలు రెండే ఉన్నాయి. మూడో గది ఒట్టిది, గాలి తప్ప ఏమీ లేదు.

ఒకటి తరళకు. మిగిలేది ఒక్కటే. శరభగిరిలో రాజూ ఉన్నాడు, ఎల్లసానీ ఉంది.

ఆలోచించడానికి వ్యవధి లేదు. కొమ్మను కాళ్లతో పెనవేసుకుని, పండు తెంపి, "అవ్వా, పట్టుకో!" అని విసిరాడు. ఒంబేరి పాదాలు కదలలేకపోయినా నడుము వంచి, రెండు చేతులూ చాచి, గుండెలకు అదుముకుంది.

మాంత్రికుడు గర్జించి రాబందును కిందికి తోలాడు. అది రెక్కలు మడిచి ముసలామె మీదికి గోళ్లు చాచింది. పోలన నడుముకున్న మోకును లాగి ఉచ్చు విసిరాడు. ఉచ్చు రాబందు కాలికి పడి బిగిసింది. రెండో కొస అతని నడుముకే ఉంది. మోకు తెగేట్టు బిగిసి, పక్షి గాలిలోనే ఒక్క గుంజుకు పక్కకు తిరిగిపోయింది. కొమ్మ ఫెళ్లున విరిగింది. తామ్రజిహ్వుడు దాని ఈకలు పట్టుకుని వేలాడాడు. బెదిరిపోయిన రాబందు దిక్కు తప్పి, లోయ మీదుగా సముద్రం మీదికి దూసుకుపోయింది. దాని కాలికి వేలాడుతూ పోలన.

గిరగిర తిరిగిపోతూ అతను కొండకొమ్మును చూశాడు. కింది నేల ప్రతి చుట్టుకూ చిన్నదైపోతోంది.

ఒక చుట్టులో, ఒంబేరి ఎర్రటి నార పీకి పారేస్తోంది. ఇంకో చుట్టులో, గుజ్జు వేళ్లతో మెదిపి తరళ నోట్లో పెట్టి గొంతు నిమురుతోంది. ఇంకోసారి తిరిగేసరికి ఇద్దరూ కదలకుండా ఉన్నారు. అవ్వ తల వంచుకుని ఉంది.

మళ్లీ తిరిగాడు.

తరళ చెయ్యి అవ్వ భుజం మీద ఉంది.

ఆమె మాను పట్టుకుని లేచింది. మోకాళ్లు మడత పడ్డాయి, మళ్లీ లేచింది. కొండ అంచుదాకా తూలుతూ నడిచి వచ్చి, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని ఆకాశంలో వెతుకుతోంది. రెండో చేతిలో ఏదో తెల్లగా ఉంది. మిగిలిన ముద్ద. పోలన రక్తపు నోటితోనే నవ్వాడు.

అప్పుడు చూశాడు, ఆమె వెనక.

కాలిబాట మీద రాగి ముసుగులు మెరుస్తున్నాయి. వెదురుపొదల నుంచి వెనక్కి తిరిగిన గజకర్ణుడి దళం కొండకొమ్ముకు వందడుగుల దూరంలో ఉంది. బూర లేదు, కేక లేదు. వంగి వంగి చప్పుడు లేకుండా ఎక్కుతున్నారు. ఒంబేరి వాళ్లకు వీపు పెట్టి ఉంది. తరళ సముద్రం వైపే చూస్తోంది.

"దొరసానీ! వెనక చూడు! వెనక!" పోలన గొంతు చించుకుని అరిచాడు. గడ్డం కింది గాయం తెరుచుకుని రక్తం చిమ్మింది. "వెనక చూడమ్మా!"

గాలి ఆ మాటల్ని నోటి దగ్గరే ఎత్తుకుపోయింది. అతను ఏదో అరుస్తున్నాడన్న సంగతి ఒక్కటే తరళకు తెలిసింది. వీడ్కోలు చెబుతున్నాడనుకుంది. చెయ్యి పైకెత్తి, అతనికి బాగా కనబడేలా, నెమ్మదిగా ఊపింది.

రాబందు మబ్బులోకి దూరింది. కొండ, చెట్టు, చెయ్యి, అన్నీ ఒక్కసారే మాయమయ్యాయి.